భీమవరంలో పదిహేను వేల ఫోన్ కోసం షాపులు తిరిగాక

చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్ళ కోసం ముందే చెప్పేస్తున్నా. భీమవరంలో పదిహేను వేల లోపు ఫోన్‌కి ఏ షాపైనా రేటు ఒకటే. జేపీ రోడ్డు మీద ఏసీ షోరూముకి వెళ్ళండి, లేదా సందులో అద్దాల కౌంటరు ఒక్కటే ఉన్న కొట్టుకి వెళ్ళండి, మోడల్ పేరు చెప్తే రూపాయి తేడా లేకుండా అదే 14,999 అంటారు. బేరమాడితే పౌచ్ ఫ్రీ అంటారు, ఇంకాస్త గట్టిగా అడిగితే టెంపర్డ్ గ్లాసు కూడా ఫ్రీ అంటారు, అక్కడితో ఆగిపోతుంది. సంక్రాంతి దగ్గరపడితే లక్కీ డ్రా కూపన్ ఒకటి చేతిలో పెడతారు, స్కూటీ తగులుతుందేమోనని మనం దాన్ని పర్సులో పెట్టుకుని తిరుగుతాం. ఫోన్ రేటు మాత్రం కదలదు.

షాపుల పేర్లు, కొన్న ఫోన్ బ్రాండు పేరు రాయట్లేదు. ఒక షాపు పేరు రాస్తే వాళ్ళొక్కళ్ళే ఇలా చేస్తారనుకుని మీరు పక్క షాపుకెళ్తారు, అక్కడా ఇదే జరుగుతుంది, అప్పుడు నన్ను తిడతారు.

ఫోన్ మా నాన్నగారికి. వీరవాసరం వైపు మాకు రొయ్యల చెరువులున్నాయి. మేత ఎంత తిన్నాయో చూద్దామని చెక్ ట్రే పైకి లాగుతుంటే చొక్కా జేబులో పాత ఫోన్ జారి నీళ్ళలో పడింది, బియ్యం డబ్బాలో పెట్టినా లేవలేదు. ఆయనకి ఫోన్‌తో పెద్ద సరదాలేం లేవు. పొద్దున్నే వాట్సాప్‌లో రొయ్యల కౌంటు రేట్లు (కౌంటంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క) చూసుకోవాలి, మేత కొట్టుకి ఫోన్‌పే కొట్టాలి, బ్యాంకు ఓటీపీ రావాలి, మధ్యాహ్నం కాసేపు యూట్యూబ్. వీటన్నిటికంటే ముఖ్యం ఇంకోటుంది. చెరువు గట్టు మీద షెడ్డులో సిమ్ వేసిన చిన్న డబ్బా ఉంటుంది, రాత్రి కరెంట్ పోతే అది ఫోన్ చేస్తుంది. ఆ రింగు వినపడకపోతే నీళ్ళకి గాలి అందించే ఏరేటర్లు ఆగిపోయి, నీళ్ళలో ఆక్సిజన్ పడిపోయి, తెల్లారేసరికి రొయ్యలు గట్టు పక్కన తేలతాయి. అందుకని మాకు కావాల్సింది గట్టిగా మోగే స్పీకరు, రోజంతా నిలబడే బ్యాటరీ, ఎండలో గట్టు మీద నిలబడి చూసినా కనపడే స్క్రీను. ఈ మూడే.

ముందు పెద్ద షోరూముకి వెళ్ళాం. తలుపు తీయగానే చల్లగాలి, దాంతో పాటే "బాబాయ్ గారూ రండి, ఏ బ్రాండ్ చూస్తారండీ" అంటూ రంగురంగుల టీషర్టుల కుర్రాళ్ళు. నీలం టీషర్టు ఒక టేబులు వైపు లాగుతాడు, ఆకుపచ్చ టీషర్టు ఇంకో టేబులు వైపు. కొత్తవాళ్ళకి చెప్తున్నా, వీళ్ళలో చాలామంది షాపు మనుషులు కాదు, కంపెనీ పెట్టిన ప్రమోటర్లు. నెలకిన్ని ఫోన్లు అమ్మాలని టార్గెట్ ఉంటుంది, ఇన్సెంటివ్ కంపెనీ నుంచే వస్తుంది. కాబట్టి "మీకు ఏది బాగుంటుందండీ" అనే ప్రశ్నకి నీలం టీషర్టు నోట్లోంచి ఆకుపచ్చ ఫోన్ పేరు ఈ జన్మకి రాదు. కుర్రాళ్ళ తప్పేం లేదులెండి, వాళ్ళ జీతం అది.

నాన్నగారు "స్పీకరు గట్టిగా వినపడేది ఏదయ్యా" అని అడిగారు. కుర్రాడు కెమెరా తెరిచాడు. "యాభై మెగాపిక్సెల్ అండి, ఏఐ ఎరేజర్ ఉందండి, ఫొటోలో వెనకాల ఉన్న మనుషుల్ని తీసెయ్యొచ్చండి" అని చూపించాడు కూడా. "తీసేసి ఏం చేసుకుంటానయ్యా, ఆళ్ళు మనోళ్ళే కదా" అన్నారు ఈయన. రింగ్‌టోన్ పెట్టి వినిపించమని నేను అడిగితే, డెమో పీసులో సౌండు లాక్ చేసి ఉందట. పదిహేను వేలు పెట్టి కొనే వస్తువు మోత ఎలా ఉంటుందో వినడానికి లేదు!

సరే రేటు ఎంతన్నాం. పెట్టె తిప్పి ఎంఆర్‌పీ చూపించాడు, 18,999. "మనకి నాలుగు వేలు తగ్గించి 14,999 అండి" అన్నాడు, ఏదో మేమంటే అభిమానంతో ఇస్తున్నట్టు. పక్క వీధి షాపులో అదే పెట్టె, అదే 18,999, అదే నాలుగు వేల అభిమానం. ఇంకో దాంట్లోనూ అంతే. తణుకులో మా బావకి, పాలకొల్లులో ఫ్రెండుకి ఫోన్ చేసి కనుక్కోమన్నా, అక్కడా 14,999. గోదావరి దాటి అమలాపురంలో మా పిన్ని వాళ్ళబ్బాయినీ అడిగా, వాడు నవ్వి "ఆయ్, ఇక్కడా అంతేనండి" అన్నాడు.

ఈ మాయ ఏంటో సందులో చిన్న కొట్టాయన విప్పి చెప్పారు. నాన్నగారికి పాత పరిచయం, కూర్చోబెట్టి టీ తెప్పించారు. కంపెనీ ప్రతి మోడల్‌కీ ఎంఓపీ అని ఒక రేటు పెడుతుంది, మార్కెట్ ఆపరేటింగ్ ప్రైస్ అంటారు. ఎంఆర్‌పీ ఉత్తుత్తిది, తగ్గించినట్టు కనపడటానికి పెట్టెమీద వేసుకునేది, నిజంగా అమ్మే రేటు ఎంఓపీ. "దాని కింద అమ్మానని తెలిస్తే డిస్ట్రిబ్యూటరు స్టాకు ఆపేస్తాడండి, స్కీము డబ్బులు కట్ చేస్తాడండి. నేను రెండొందలు తగ్గిస్తే మీరెవరికో చెప్తారు, ఆ ఎవరో పక్క షాపోడికి చెప్తాడు, సాయంత్రానికి నాకు ఫోనొస్తుంది" అన్నారు. ఫోన్ మీద మిగిలేది అద్దె, కరెంటు బిల్లుకే చాలదని, పౌచ్‌లు, గ్లాసులు, ఛార్జర్ల మీదే కొట్టు నడుస్తోందని కూడా చెప్పారు. ఆయన లెక్కలు నేను చూడలేదు గానీ, కౌంటర్లో ఫోన్ల కంటే పౌచ్‌లే ఎక్కువ వేలాడుతున్నాయి.

నాన్నగారు అంతా విని, "పంట పట్టినప్పుడు మన చెరువు దగ్గరికి ఎంతమంది కొనుగోలుదార్లొచ్చినా వంద కౌంటుకి ఒకటే రేటు చెప్తారే, అదే కదా ఇది" అన్నారు. రొయ్య అమ్మేటప్పుడు రేటు వాళ్ళు చెప్తారు, ఫోన్ కొనేటప్పుడూ వాళ్ళే చెప్తారు. 2025లో అమెరికా సుంకాలు పెంచాక రొయ్య రేటు ఎలా పడిందో ఈ చుట్టుపక్కల అందరికీ తెలుసు, అప్పుడు మాత్రం మా కోసమని ఏ ఫోన్ కంపెనీ ఎంఓపీ తగ్గించలేదు.

ఇలా డీలర్ ఇంతకి తక్కువ అమ్మకూడదని కట్టడి చెయ్యడం తప్పు కాదా అంటే, పోటీకి దెబ్బ తగిలిందని తేలితే తప్పే. కాంపిటీషన్ చట్టం 2002లో సెక్షన్ 3 దీని గురించి కూడా మాట్లాడుతుంది. 2021లో కాంపిటీషన్ కమిషన్, అంటే మార్కెట్లో పోటీ సరిగ్గా ఉందో లేదో చూసే ప్రభుత్వ సంస్థ, మారుతీ సుజుకీకి 200 కోట్లు జరిమానా వేసింది, డీలర్లు సొంతంగా డిస్కౌంట్ ఇవ్వకుండా అడ్డుకున్నారని. కంపెనీ అప్పీలుకి వెళ్ళింది, అది వేరే సంగతి. కానీ కారు కొనేవాడి తరఫున అలా ఒక కేసు నడిచింది. రోజూ ఇన్ని ఫోన్లు అమ్ముడవుతున్న దేశంలో మా సందు కొట్టాయన రెండొందలు తగ్గించడానికి భయపడుతున్నాడంటే అదీ ఎవరో ఒకరు పట్టించుకోవాల్సిన విషయమే కదా.

ఆన్‌లైన్‌లో కొనొచ్చుగా అంటారు. చూశాం. మొదటి తిరకాసు, షాపులో ఉన్న మోడల్ అక్కడ అదే పేరుతో ఉండదు, ఒక అక్షరం తేడాతో చిన్న మార్పులున్న ఇంకోటి ఉంటుంది, ఇక పోల్చుకోవడం మన వల్ల కాదు. రెండోది, సేల్‌లో 13,499 అని పెద్దక్షరాల్లో వేసి, కింద చిన్నక్షరాల్లో ఫలానా బ్యాంకు క్రెడిట్ కార్డుంటేనే అంటారు. మా నాన్నగారి ఖాతా గ్రామీణ బ్యాంకులో, ఇంకోటి సొసైటీలో. ఆ బ్యాంకుల పేర్లు ఏ సేల్ బ్యానర్ మీదా ఇంతవరకు నేను చూడలేదు. అంటే తగ్గింపు కూడా నెలజీతం, క్రెడిట్ కార్డు ఉన్నవాళ్ళకే, చెరువు మీద బతికేవాడు పూర్తి రేటు కట్టాలి. ఆన్‌లైన్ పోటీ కూడా ఏమంత శుభ్రంగా లేదు. అమెజాన్, ఫ్లిప్‌కార్ట్‌లతో శాంసంగ్, షావోమీ లాంటి కంపెనీలు కలిసి కొన్ని మోడల్స్ ఆ సైట్లలోనే ఎక్స్‌క్లూజివ్‌గా విడుదల చేశాయని కాంపిటీషన్ కమిషన్ దర్యాప్తు విభాగం నివేదికలు ఇచ్చినట్టు 2024లో వార్తలొచ్చాయి. అది దర్యాప్తు నివేదికే, తీర్పు కాదు. అయినా చదివితే సందు కొట్టాయన దగ్గర కొన్ని మోడల్స్ ఎందుకు దొరకవో అర్థమవుతుంది.

పోనీ బ్రాండ్లు బోలెడున్నాయి కదా, అవైనా కొట్టుకుంటాయా అంటే, వాటి చుట్టరికాలు చూడండి. ఒప్పో, వివో, వన్‌ప్లస్, రియల్‌మీ అన్నీ చైనాలో బీబీకే అనే కంపెనీ వేళ్ళ నుంచి వచ్చినవే, రియల్‌మీ అయితే 2018లో ఒప్పో కింద సబ్‌బ్రాండుగానే మొదలైంది. ఐకూ వివోది. రెడ్‌మీ, పోకో రెండూ షావోమీవి. నీలం టీషర్టు, ఆకుపచ్చ టీషర్టు మన ముందు చేతులు పట్టుకుని లాగుతారు గానీ, పై అంతస్తులో ఇళ్ళు తక్కువే. వీటి మధ్య పోటీ అసలు లేదని అనను, కెమెరాలో, ఛార్జింగ్ స్పీడులో బాగానే పోటీ పడతాయి. రేటు దగ్గరికొచ్చేసరికే అందరికీ ఒకేసారి జలుబు చేస్తుంది.

ఒకప్పుడు ఇలా లేదు. మైక్రోమాక్స్, కార్బన్, లావా, మన హైదరాబాదు సెల్‌కాన్, ఇవన్నీ షాపుల్లో వరసగా ఉండేవి. 2015 ఆగస్టులో షావోమీ రెడ్‌మీ 2 ప్రైమ్‌ని విశాఖపట్నంలోనే విడుదల చేసింది, మన శ్రీసిటీలో బిగించిన ఫోన్, ధర 6,999. అప్పట్లో ఆ రేటుకి దొరికింది మంచి ఫోనే. ఇప్పుడు ఏడు వేలకి షాపులో ఏం ఇస్తారని అడిగితే ఒక ఫోన్ చూపించారు, వాట్సాప్ తెరుచుకునేలోపు నాన్నగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. చైనా ఫోన్లు రేటు పోటీతోనే మన కంపెనీల్ని పక్కకి నెట్టాయి, అప్పుడు మనమే చప్పట్లు కొట్టాం. ఇప్పుడు నెట్టడానికి పెద్దగా ఎవరూ మిగల్లేదు. దీనికి తోడు 2025 చివరి నుంచి మెమరీ చిప్పుల ధరలు బాగా పెరిగాయి, ఏఐ డేటా సెంటర్లు ఎగరేసుకుపోతున్నాయట. అది నిజమైన కారణమే, కాదనను. "ఇప్పుడే తీసుకోండి, వచ్చే నెల ఇంకో వెయ్యి పెరుగుద్ది" అని ప్రతి షాపులోనూ భయపెడుతున్నది దాన్ని పట్టుకునే.

పన్ను సంగతి కూడా చెప్పాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఏసీల మీద, పెద్ద టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18కి దిగింది, షోరూము నిండా "జీఎస్టీ తగ్గింది" బోర్డులు కట్టారు. నాన్నగారు ఆ బోర్డు చూపించి మరి ఫోన్‌కి ఎంత తగ్గిందయ్యా అని అడిగారు, చాలామంది ఇదే అడుగుతున్నారట. ఏమీ తగ్గలేదు. ఫోన్ మీద 2020 ఏప్రిల్ 1 దాకా 12 శాతం ఉండేది, అప్పుడు 18 చేశారు. విడిభాగాల మీద 18, తయారైన ఫోన్ మీద 12 ఉండటంతో విడిభాగాల మీద ఎక్కువ కట్టిన పన్ను వెనక్కి రాబట్టుకోవడంలో కంపెనీలకి చిక్కులొస్తున్నాయని కారణం చెప్పారు. చిక్కు వాళ్ళది, కట్టేది మనం. మా 14,999లో ఫోన్ ధర 12,711, పన్ను 2,288. పాత 12 శాతమే ఉంటే అదే ఫోన్ 14,236కి వచ్చేది. 763 రూపాయలు చిన్న మొత్తంలా కనపడొచ్చు, దాంతో ఒక సిమ్‌కి దాదాపు మూడు నెలల రీఛార్జ్ అయిపోతుంది.

అసలు కోపం తెప్పించింది మాత్రం డబ్బులు కట్టే దగ్గర. మేం నోట్లు పట్టుకెళ్ళాం. మొత్తం క్యాష్ ఇస్తున్నాం కదా ఏమైనా చూడండి అంటే షోరూము కుర్రాడు "క్యాష్ అయితే ఏమీ రాదండి, ఫైనాన్సులో తీసుకుంటే నెక్‌బ్యాండ్ ఇస్తామండి" అన్నాడు. అప్పు చేసేవాడికి బహుమతి, చేతిలో డబ్బున్నవాడికి మొండిచెయ్యి! పక్కనే ఫైనాన్సు కుర్రాడు ఆధార్ ఇవ్వండి రెండు నిమిషాల్లో అయిపోద్ది, జీరో ఇంట్రెస్టే అంటున్నాడు. వడ్డీ లేదు గానీ ప్రాసెసింగ్ ఫీజు ఉందట. సున్నా వడ్డీ అనేదే లేదని, ప్రాసెసింగ్ ఫీజు రూపంలో వడ్డీ దాచి వసూలు చేస్తున్నారని ఆర్బీఐ 2013లోనే బ్యాంకులకి సర్క్యులర్ ఇచ్చింది. బోర్డు మాత్రం ఇంకా వేలాడుతూనే ఉంది.

సరే క్యాషే ఇస్తామన్నాం. బిల్లు కొట్టి చేతిలో పెట్టాడు, 16,298. ఇదేంటని చూస్తే ఫోన్ కింద రెండో లైనులో 1,299, ఏదో ప్రొటెక్షన్ ప్లాను. మేం అడగలేదు, వాళ్ళు చెప్పలేదు. "అది అందరికీ వేస్తామండి, స్క్రీను పగిలితే పనికొస్తుందండి." నీళ్ళలో పడితే పనికొస్తుందా అని నాన్నగారు అడిగారు, ఆయనకి కావాల్సిన ఇన్సూరెన్సు అదొక్కటే. కుర్రాడు మేనేజరు వైపు చూశాడు, మేనేజరు సిస్టమ్ వైపు చూశాడు. నీళ్ళకి వర్తించదట. తీసెయ్యమంటే బిల్లు అయిపోయింది, సిస్టమ్‌లో క్యాన్సిల్ అవదన్నారు. నేను అక్కడే నిలబడి 1915 కన్స్యూమర్ హెల్ప్‌లైనుకి ఫోన్ చేస్తానన్నాక సిస్టమ్‌లో క్యాన్సిల్ అయింది. ఈలోపు నాన్నగారు నోట్లు మళ్ళీ సంచిలో పెట్టేసుకుని బయటికి నడిచారు. ఎవరైనా సరే, బిల్లు చేతికొచ్చాక కింది మొత్తం కాదు, లైను లైనూ చదవండి.

ఫోన్ చివరికి సందు కొట్టులోనే కొన్నాం. రేటు అదే 14,999, ఇంకేముంది. కానీ ఆయన పెట్టె విప్పి, ముందు సౌండు ఫుల్లు పెట్టి మోగించి వినిపించారు, పాత సిమ్ వేసి వాట్సాప్ ఎక్కించారు, అక్షరాలు పెద్దవి చేశారు, చెరువు అలారం నంబరుకి వేరే రింగ్‌టోన్ పెట్టి సైలెంట్‌లో ఉన్నా మోగేలా సెట్ చేశారు. లాక్ స్క్రీను మీద వచ్చే యాడ్లన్నీ ఆపేశారు, మనం అడగని గేములు, షాపింగు యాప్‌లు ఒక్కొక్కటీ తీసేశారు, అదొక్కటే పావుగంట పట్టింది. పదిహేను వేలు పోసి కొన్న ఫోన్ మీద మనకే యాడ్లు చూపించడం ఏం న్యాయమో నాకైతే తెలియదు. ఫోన్ వరకూ చెప్పాలంటే స్పీకరు బాగుంది, బ్యాటరీ రాత్రికి కూడా ఉంటోంది, ఎండలో స్క్రీను అంతంతమాత్రం, నాన్నగారు టోపీ అడ్డం పెట్టుకుని చూస్తున్నారు. కెమెరా ఎలా ఉందో ఎవరూ చూడలేదు.

ఫోన్ ఒకసారి కొంటాం, రీఛార్జ్ బతికినన్నాళ్ళూ ఉంటుంది, అక్కడా ఇదే కథ. యూనినార్, టాటా డొకోమో, ఎయిర్‌సెల్ ఉన్న రోజుల్లో రోడ్డు మీద గొడుగేసుకుని పిలిచి మరీ సిమ్ ఇచ్చేవారు. అవన్నీ మూతపడటమో, కలిసిపోవడమో అయింది, ఐడియా కూడా 2018లో వొడాఫోన్‌లో కలిసింది, ఇప్పటి వీఐ అదే. 2024 జులైలో జియో, ఎయిర్‌టెల్, వీఐ ముగ్గురూ రోజుల తేడాలో రేట్లు పెంచారు. జియోలో 84 రోజుల 1.5 జీబీ ప్లాను 666 నుంచి 799 అయింది, మిగతా రెండింటిలో 719 నుంచి 859. బీఎస్‌ఎన్‌ఎల్ అప్పుడు పెంచలేదు, మా గట్టు మీద దాని సిగ్నల్ ఉంటే ఎప్పుడో మారిపోయేవాళ్ళం. 28 రోజుల ప్లానంటే ఏడాదికి 13 నెలలన్నట్టే.

చెరువు డబ్బాలో సిమ్‌కి నెట్ అక్కర్లేదు, కరెంట్ పోయినప్పుడు ఒక్క కాల్ చేస్తే చాలు. దానికీ మొన్నటిదాకా డేటా ప్లానే వేయిస్తూ వచ్చాం, వేరే దారి లేక. డేటా లేకుండా కాల్స్, ఎస్‌ఎంఎస్ మాత్రమే ఉండే ప్లాన్లు పెట్టి తీరాలని టెలికాం కంపెనీల మీద అజమాయిషీ చేసే ట్రాయ్ 2024 డిసెంబరులో ఆదేశించాక, మరుసటి నెలలో జియో 84 రోజులకి 448, ఎయిర్‌టెల్ 469 పెట్టాయి. డబ్బా సిమ్, మోటారు స్టార్టర్‌లో సిమ్ ఉన్న రైతులందరూ ఇదే వేయించుకోండి. రీఛార్జ్ కొట్టులో అడగందే చెప్పరు, అడిగితే కూడా "డేటాతో కలిపి వేసుకోండి, లాభం" అంటారు. యాప్‌లో వెతికితే అన్నిటికంటే కింద ఎక్కడో ఉంటుంది.

రేటింగు అడిగితే, షోరూముకి అయిదుకి ఒకటి, అదీ ఏసీకి. సందు కొట్టుకి నాలుగు. ఒకటి ఎందుకు తగ్గించానంటే, ఆయన ఫ్రీగా ఇచ్చిన పౌచ్‌కి స్పీకరు దగ్గర కన్నం సరిగ్గా లేదు, రింగు సగమే వినపడుతోంది. నాన్నగారు బ్లేడుతో కోసుకున్నారు.